టైము తప్ప అన్నీ చూసినవాడు

ఆగిపోయిన వాచీని ఎవరైనా మీ చేతిలో పెడితే మొట్టమొదట మీరేం చేస్తారు?

ఆలోచించి చెప్పకండి. ఆలోచించి చెప్పే జవాబులన్నీ మర్యాద కోసం చెప్పేవే. మీరు దాన్ని ఊపుతారు. ఊపి చెవి దగ్గర పెట్టుకుంటారు. చప్పుడు వినిపించకపోతే ఇంకాస్త గట్టిగా ఊపుతారు. ఆగినదాన్ని ఆగినట్టు వదిలేయడం మనిషి చేతికి చేతకాదు. అలా వదిలేయడాన్నే ఉద్యోగంగా చేసి, అందులోనే తల నెరిసిన సీలయ్యకు కూడా చేతకాలేదు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయన జీతం కాగితాల మీదే ఉండిపోయింది. కోర్టులో అందరికీ ఆయన సీలయ్య. కోర్టు భవనం వెనక వైపు మెట్లు దిగి వెళితే పొడుగాటి గది ఒకటి ఉంటుంది. కేసుల్లో సాక్ష్యంగా పట్టుకొచ్చిన వస్తువులన్నీ తీర్పు వచ్చేదాకా అక్కడే ఉండాలి. కత్తులు, చెప్పులు, పగిలిన గాజు ముక్కలు, వంగిన సైకిలు చక్రం, ఒక కేసులోనైతే గొళ్ళెంతో సహా తలుపు మొత్తం. ప్రతి వస్తువునూ గుడ్డలో చుట్టి, దారం కట్టి, ముడి మీద ఎర్రటి లక్క కరిగించి పోసి, ఆరేలోపల ఇత్తడి ముద్ర నొక్కి, చీటీ కట్టి అరలో పెట్టడం రిటైరయ్యేదాకా సీలయ్య పని. అక్కడికి వచ్చినవారెవరైనా సరే, ఆయన నోటి నుంచి వినే మొదటి మాట ఒకటే: "చేతులు వెనక్కి!"

"జడ్జిగారొచ్చినా ఇలాగే అంటారా?" అని ఒక కుర్ర లాయరు ఎగతాళి చేశాడట.

"ఆయన్ని ఇంకా వెనక్కి పెట్టుకోమంటాను. ఆయనవి మీకంటే పొడుగు చేతులు కదా" అన్నాడట సీలయ్య.

న్యాయం ఆలస్యమవుతోందని ఊరంతా అంటుంది. ఆ ఆలస్యమంతా ఎక్కడ పేరుకుంటుందో ఎవరూ వెళ్ళి చూడరు. సీలయ్య గదిలో పేరుకునేది. వాది ముసలివాడైపోతాడు, ప్రతివాది ఊరు మారిపోతాడు, లాయరు జడ్జి అవుతాడు. గుడ్డ మూట మాత్రం కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. అది అలా ఉన్నంతకాలమే దానికి నోరు ఉంటుంది. ముద్ర పగిలిన మరుక్షణం అది ఉత్త గుడ్డ. ఈ సంగతి చట్టం చదివినవారికి పరీక్ష కోసం తెలుసు. సీలయ్యకు ఊపిరి పీల్చుకోవడం తెలిసినట్టు తెలుసు.

అలాంటి మనిషికి పాత జపాన్ వాచీల మీద మోజు ఎలా పుట్టిందంటే, ఆయన భార్య చెప్పే కారణం ఒకటుంది: "ఆఫీసులో ముట్టుకోకూడని వస్తువుల మధ్య బతికారు కదమ్మా, ఇంట్లో ముట్టుకోదగ్గవి కావాలిగా మరి. నన్ను ముట్టుకుంటే తిడతాను. వాచీలు తిట్టవు."

ఆయన పోగుచేసినవన్నీ ఒకే రకం. కీ ఇవ్వనక్కర లేకుండా చేతి కదలికతోనే నడిచేవి. లోపల అర్ధచంద్రంలాంటి చిన్న బరువు ఒకటి ఉంటుంది. చేయి కదిలితే అది తిరుగుతుంది, అది తిరిగితే స్ప్రింగు బిగుస్తుంది. మనిషి నడుస్తున్నంతకాలం వాచీ నడుస్తుంది. తీసి బల్ల మీద పెడితే, అప్పటిదాకా దాచుకున్న బలంతో దాదాపు ఒకటిన్నర రోజు తిరిగి, ఆ తరువాత ఆగిపోతుంది. అద్దాల బీరువాలో నీలం మఖమలు మీద వరసగా పడుకుని ఉండే ఆ వాచీలలో దేనికీ ఆయన మెరుగు పెట్టించలేదు. గీతలుంటే గీతలుండాలి. డయల్ మీద చీకట్లో వెలగడానికి వేసిన చుక్కలు ఎండుగడ్డి రంగుకు తిరిగితే, ఆ రంగే ఉండాలి. పాత వాచీకి కొత్త డయల్ వేసి అసలుదని అమ్మేవాటిని ఆయన "దొంగ సాక్షులు" అనేవాడు.

ఆ బీరువాలో ఒక్క చోటు ఖాళీ. నీలం డయల్, లోపలి అంచున తిరిగే ఎర్రటి వలయం, కీ మూడు అంకె దగ్గర కాకుండా నాలుగు దగ్గర ఒదిగి ఉండే ఒక నమూనా ఆయనకు దొరకలేదు. దొరికినవన్నీ దొంగ సాక్షులే.

"ఆ ఖాళీలో నా ఫొటో పెట్టండి, బీరువాకి అందమొస్తుంది" అనేది భార్య.

"నువ్వు ఒరిజినలేనని రుజువేదీ?"

"నా వీపు మీద నంబరు లేదు, నిజమే. ఒకసారి ఊపి చూడండి, ఎలా మోగుతానో!"

కోర్టు ఎదురు వీధిలో లాయర్ల నల్ల గౌన్లు కుట్టే దుకాణం ఒకటుంది. అది నడిపే ఆవిడను అందరూ గౌనక్క అంటారు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు అయిన అన్న ఆమెను పెంచాడు, పని నేర్పించాడు, మొదటి మిషను కొనిపెట్టాడు. ఆ అన్న కొన్నేళ్ళ క్రితం ఒక భవనం పైకప్పు మీద, లిఫ్టు యంత్రం పక్కనే పని చేస్తూ చేస్తూ గుండె ఆగి పోయాడు. అప్పటి నుంచి దుకాణమూ ఆమే, ఇల్లూ ఆమే. సీలయ్య ఆమెకు బాబాయిగారు, ఆయన భార్య పిన్ని.

ఒక మధ్యాహ్నం, మబ్బు పట్టి ఉండగా, గౌనక్క సీలయ్య ఇంటికి నడిచి వచ్చింది. చంకలో గౌన్ల మూట ఉంది. రెండు చేతులతోనూ ఒక బొత్తాల డబ్బాను, నిండా నూనె పోసిన గిన్నెను పట్టుకున్నట్టు పట్టుకుంది. మూటను వరండా గోడ మీదకు జార్చి, లోపలికి వచ్చి, డబ్బాను బల్ల మీద చప్పుడు కాకుండా దించింది.

"బాబాయిగారూ, ఇది మా అన్నయ్యది. మిమ్మల్ని ఒకటి అడగాలని..." అంటూండగానే చినుకులు మొదలయ్యాయి. "అయ్యో, గౌన్లు! రేపు కోర్టుకి ఇవ్వాలి. ఒక్క నిమిషం" అని వరండాలోకి పరుగెత్తింది.

సీలయ్య డబ్బా మూత తీశాడు.

దూది మీద పడుకుని ఉంది. నీలం డయల్. ఎర్రటి వలయం. నాలుగు దగ్గర కీ.

ఆ తరువాత జరిగినదంతా గౌనక్క తడిసిన గుడ్డలు తీసి వరండాలోనే లోపలి వైపు పరిచేంత సేపట్లో జరిగింది. సీలయ్య భూతద్దాన్ని కంటికి బిగించాడు. డయల్ అడుగున చీమకాళ్ళంత అక్షరాలు చూశాడు. సన్నగా, పదునుగా ఉన్నాయి, మళ్ళీ అచ్చు వేసినవి కావు. చుక్కల రంగూ ముళ్ళ మీది రంగూ ఒకటే. చట్రం అంచులు అరిగిపోలేదు, మెరుగు రాయి సోకలేదు. వెనక్కి తిప్పాడు. వెనక మూత మీద అంకెలు డయల్ మీది అంకెలతో కలిశాయి. పక్కన ఏదో పనిముట్టు జారి గీసిన లోతైన గీత ఒకటి ఉంది. దాన్ని కూడా ఎవరూ చెరపలేదు. దొంగ సాక్షి కాదు. ఇన్నేళ్ళూ వెతికిన వాచీ అచ్చంగా పుట్టినప్పటి ఒంటితో తన అరచేతిలో ఉంది.

చేయి ఊపింది.

'ఊపాడు' అని రాయడం న్యాయం కాదు. 'చేయి ఊపింది' అని రాయడం చట్టం కాదు. రెండూ నిజమే. సెకన్ల ముల్లు ఒక్కసారి వణికి, జారినట్టుగా కదిలింది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. వాచీలు పోగుచేసేవాడు చేయవలసిన తరువాతి పని కూడా ఆ చేయి చేసేసింది. కీ లాగింది, తారీకు దూకుతుందో లేదో చూసింది, ముళ్ళను గుండ్రంగా తిప్పి అర్ధరాత్రి దాటించి, పక్క కిటికీలో వారం పేరు మారుతుందో లేదో చూసింది. మారింది. గోడ గడియారం చూసి టైము కూడా సరిచేసింది. అంతా సవ్యంగా ఉంది.

గౌనక్క అడుగుల చప్పుడు వినబడితే, దూది మీద పెట్టి మూత వేశాడు. చూడగానే ఆశపడ్డట్టు కనబడకూడదన్న చిన్న సిగ్గు తప్ప ఆ మూత వేయడంలో అప్పటికి ఇంకే దురుద్దేశమూ లేదు.

ఆమె చేతులు తుడుచుకుంటూ ఎదురుగా కూర్చుంది. మూత వేసి ఉన్న డబ్బా వైపు చూసి, గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"అన్నయ్య పోయిన రోజు హాస్పిటలు వాళ్ళు కవర్లో పెట్టిచ్చారు బాబాయిగారూ. అప్పటికి ఇంకా నడుస్తోంది. మనిషి లేడు, వాచీ నడుస్తోంది! ఇల్లంతా జనం, నేను దీన్నే చూస్తూ కూర్చున్నా. నా చెయ్యి కదలడమే దీనికి తిండి అనేవాడు అన్నయ్య. అంటే అప్పటికీ దాని కడుపులో ఉన్నది అన్నయ్య కదిలిందే కదా? మర్నాడు ఆగింది. ఆగడం నా కళ్ళతో చూశాను. అప్పటి నుంచి కదపలేదు. ఇల్లు మారినప్పుడు కూడా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నా. ఇవాళ మీ దగ్గరికి ఎలా నడిచొచ్చానో చూసినవాళ్ళు నవ్వుకునుంటారు."

సీలయ్య డబ్బా మూత మీద అరచేయి ఆన్చాడు.

"ఎవరో చెప్పారు, ఇలా ఏళ్ళ తరబడి ఆపి ఉంచితే లోపల నూనె గడ్డకట్టి మొత్తం పాడైపోతుందని. మీరైతే వస్తువుల్ని ఉన్నవి ఉన్నట్టు ఉంచడంలో పెద్దవారు. నడపకుండా, పాడవకుండా ఉంచే దారి ఏదైనా ఉందా? నడపడం మాత్రం కుదరదు బాబాయిగారూ. ఆ ముళ్ళు అక్కడిదాకా తోసింది మా అన్నయ్య."

 అప్పుడే చెప్పి ఉండవలసింది. మూత తీసి, ఇదిగో అమ్మా, నా చేయి ఇలా చేసింది అని ఉంటే, ఆమె ఏడ్చేది, తిట్టేది; తప్పు తప్పుగానే ఉండేది, మోసంగా మారేది కాదు. తప్పుకూ మోసానికీ మధ్య ఉండేది సాధారణంగా ఒక వాక్యం. ఆయన ఆ వాక్యానికి బదులు వేరొకటి అన్నాడు.

"ఉంచి వెళ్ళమ్మా. చూసి చెబుతాను."

ఆమె ముఖం తేటపడింది. "మీ చేతిలో పెట్టాక నాకింకేం దిగులు?" అని, వాన తగ్గాక వెళ్ళిపోయింది.

భార్య వంటగదిలోంచి వచ్చి ఆయన్ను ఎగాదిగా చూసింది. "ఏమండీ, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారేం? అరవరు, కదలరు."

ఆయన డబ్బా తెరిచి చూపించి, జరిగింది చెప్పాడు. ఆవిడ ఎప్పటిలా హాస్యమాడలేదు. పక్కనే కూర్చుని, తిరుగుతున్న సెకన్ల ముల్లును కాసేపు చూసి, "పాపం పిల్ల" అంది. డబ్బాను ఆయన వైపు జరిపి, "ఆగినప్పుడు టైమెంతుందో అక్కడికి తిప్పేయరాదూ?" అంది.

అప్పుడు తెలిసింది సీలయ్యకు. ఆ టైము తనకు తెలియదు. అక్షరాలు చూశాడు, అంకెలు చూశాడు, రంగు చూశాడు, గీత చూశాడు. ముళ్ళ మీది పూతను చూశాడు గానీ ముళ్ళు ఎక్కడున్నాయో చూడలేదు. వాచీలో టైము తప్ప అన్నీ చూశాడు.

సాయంత్రం డబ్బాతో సహా కంటద్దం మాస్టారి దుకాణానికి వెళ్ళాడు. వాచీలు బాగుచేసే ఈ చిరకాల మిత్రుడికి ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పనక్కరలేదు. భోజనం చేసేటప్పుడు కూడా భూతద్దం కంటి మీంచి నుదుటి మీదకు జరుగుతుందే తప్ప దిగదు. పాత వాచీలకు కొత్త డయళ్ళు వేయడంలో అందెవేసిన చేయి.

"రా బావా రా! ఏం తెచ్చావ్? దొంగ సాక్షా, నిజం సాక్షా?"

సీలయ్య చెప్పాడు. మాస్టారు నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాడు.

"ఇంతేనా? బల్ల మీద పడేయ్, ఎల్లుండికల్లా అదే ఆగుతుంది. ఆగాక ముళ్ళు తిప్పి ఇచ్చేయ్. ఆ పిల్లకి సంతోషం, నీకు నిద్ర."

"ఎక్కడికి తిప్పనురా? టైము చూళ్ళేదు."

మాస్టారు ఆ రోజు నిజంగానే భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "చూళ్ళేదా? చీమకాళ్ళు లెక్కపెట్టేవాడివి, ముళ్ళు చూళ్ళేదా?" కాసేపు తల గోక్కుని, "అయితే ఆ పిల్లనే అడుగు. 'ఏ టైముకి ఆగిందమ్మా, చీటీ మీద రాయాలి' అను. నీ మాట కాబట్టి మారుమాట లేకుండా చెప్పేస్తుంది" అన్నాడు.

"అది మోసం కాదురా?"

"ఓహో!" మాస్టారి గొంతులో ఎన్నాళ్ళదో పుల్లటి మాట పైకొచ్చింది. "నేను డయల్ మారిస్తే దొంగ సాక్షి. పదిమందిలో అన్నావ్ ఆ మాట, నేను నవ్వి ఊరుకున్నా. ఇవాళ నీ చేతిదాకా వచ్చేసరికి నన్నే దారి అడిగి, చెప్పిన దారికి మోసమని పేరు పెడుతున్నావ్. కంచే చేను మేసింది బావా. మేసిన కంచె చేనుకి నీతులు చెప్పకూడదు."

సీలయ్య డబ్బా వైపు తిరిగాడు. డబ్బా మూత తీస్తే సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంది. ఇంటి నుంచి ఇక్కడిదాకా తాను వేసిన అడుగులు దాని కడుపులోకి వెళుతున్నాయన్న సంగతి అప్పుడు తట్టింది. అన్నగారు తోసినచోటు పోయింది. ఆ చోట ఇప్పుడు తన నడక నిండుతోంది.

ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆ కోర్టు గదిలో ఒక మూట ఉండేది. అందులో ఒక కుర్రవాడి చొక్కా. ఆ చొక్కా మీది మరకే కేసుకు ప్రాణం. విచారణకు ముందు ఒకనాడు సీలయ్య అర తెరిస్తే, ఎలుకలు గుడ్డ మూల కొరికాయి, లక్క ముద్ర రెండుగా పగిలి ఉంది. చొక్కాకు ఏమీ కాలేదు. కేసు చూస్తున్న అధికారి గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి, "లక్క కాస్త కరిగించి పోసెయ్ సీలయ్యా. చొక్కా అదే, మరక అదే. అబద్ధం ఏముంది ఇందులో?" అన్నాడు. సీలయ్య పోయలేదు. బోనులో నిలబడి, ముద్ర పగిలింది, ఎప్పుడు పగిలిందో నాకు తెలియదు అని చెప్పాడు. కేసు వీగిపోయింది. ఆ కుర్రవాడి తల్లి మెట్ల మీద ఆయన్ను ఆపింది. తిడుతుందనుకున్నాడు. ఆమె, "చొక్కా ఇస్తారా బాబూ?" అని మాత్రమే అడిగింది. అప్పీలు గడువు ముగిసేదాకా ఇవ్వడానికి వీల్లేదని ఆయన చెప్పవలసి వచ్చింది. గడువు ముగిశాక కబురు పెడితే ఆ చిరునామాలో ఎవరూ లేరు.

తాను చేసింది సరైనదేనని సీలయ్య ఆ తరువాత ప్రతి ఏడూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. చట్టం చదివిన ఎవరిని అడిగినా సరైనదేనంటారు. నన్నడిగినా అదే అంటాను, అనేముందు మాత్రం ఆ తల్లి అడిగిన మూడు ముక్కలు గుర్తొస్తాయి. నియమం కోసం ఒక తల్లిని ఖాళీ చేతులతో పంపినవాడు, తన పరువు కోసం అదే నియమాన్ని తప్పవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు చాలా తేలిక. అందుకే ఆయన ఆ ప్రశ్న వేసుకోకుండా, మర్నాడు పొద్దున్నే డబ్బా చేత్తో పట్టుకుని, మాస్టారు నేర్పిన వాక్యాన్ని నోట్లో నానబెట్టుకుంటూ గౌనక్క దుకాణానికి బయలుదేరాడు.

ఆమె ఒక కొత్త లాయరు భుజాలు కొలుస్తోంది. "కదలకండి సార్. కేసు వాయిదా పడినప్పుడు ఎలా నిలబడతారో అలా నిలబడండి." అతను నవ్వి, కొలతలిచ్చి వెళ్ళిపోయాడు. ఆమె స్టూలు తుడిచి సీలయ్యకు వేసింది. నల్ల గుడ్డల మధ్య, సుద్ద పొడి వాసనలో, ఆయన కూర్చున్నాడు.

"చూశారా బాబాయిగారూ? దారి ఉందా?"

"చూస్తున్నానమ్మా. చిన్న సంగతి ఒకటి కావాలి. అది ఏ టైముకి ఆగిందో, చీటీ మీద..."

"అదా? ఎలా మర్చిపోతాను! సరిగ్గా..."

"చెప్పకు!"

గొంతు అంత గట్టిగా వస్తుందని ఆయనే అనుకోలేదు. 'చేతులు వెనక్కి' అన్న గొంతు అది. ఆమె నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"నడిపేశానమ్మా" అన్నాడు సీలయ్య.

"ఏంటి?"

"నువ్వు గౌన్ల కోసం వరండాలోకి వెళ్ళావు. నేను డబ్బా తీశాను, ఊపాను. ముళ్ళు తిప్పాను, వారం మారుతుందో లేదో చూద్దామని. నువ్వొచ్చి నడపకూడదు అంటున్నప్పుడు అది లోపల నడుస్తోంది. నేను మూత వేసేశాను."

గౌనక్క కుట్టు మిషను బల్ల పట్టుకుంది.

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను."

"మరి ఇవాళ ఎందుకొచ్చారు?"

"నీ నోటితోనే టైము చెప్పించుకుని, ముళ్ళు అక్కడికి తిప్పి, ఏమీ జరగనట్టు ఇచ్చేద్దామని."

"చెప్పబోయాగా. ఎందుకు ఆపారు?"

"చెప్పుంటే నువ్వు నమ్మేదానివి తల్లీ."

ఆమె చేయి చాపింది. ఆయన డబ్బా ఇచ్చాడు. మూత తీసి చూసింది. నీలం డయల్ మీద సెకన్ల ముల్లు తన దారిన తాను తిరుగుతోంది. ఆ క్షణంలో ఆమె ముఖంలో ఒక్కసారి చిన్నపిల్ల కనబడింది. అన్న చేతి మీద ఆ ముల్లు తిరగడం చూసిన పిల్ల. వెంటనే ఆ ముఖం మూసుకుపోయింది.

"ఇప్పుడు దీన్ని నడిపిస్తున్నది మీ నడక."

"అవునమ్మా."

"మా అన్నయ్యది కాదు."

"కాదు. నువ్వు టైము చెబితే అక్కడ పెట్టి ఆపుతాను. కానీ అది నేను పెట్టిన టైమే అవుతుంది. నీకు తెలిసి చేస్తాను, నువ్వు వద్దంటే చెయ్యను."

"ఆ టైము చెప్పను." ఆమె గొంతు పెరగలేదు. "అది ఇన్నాళ్ళూ వాచీలో ఉందనుకున్నా. ఇప్పుడు నా దగ్గర తప్ప ఎక్కడా లేదు. మీకు తెలియక్కర్లేదు."

డబ్బాను ఆయన ఒళ్ళో పెట్టింది.

"తీసుకెళ్ళండి. మీ బీరువాలో ఒక చోటు ఖాళీ ఉందని పిన్ని చెప్పారొకసారి. నాకిది ఇంక ఉత్త వాచీ. మీకు వాచీలంటే ఇష్టమేగా, నింపుకోండి."

"అలా అనకమ్మా, నీ వస్తువు..."

"పనుంది బాబాయిగారూ."

మిషను ముందు కూర్చుని, నల్ల గుడ్డ సూది కింద పెట్టి తొక్కడం మొదలుపెట్టింది. సూదిలో దారం లేదు. సీలయ్య కళ్ళకు అది కనబడకుండా ఎలా ఉంటుంది? గుడ్డ మీద ఖాళీ రంధ్రాల వరస పడుతూ పోతోంది. ఆయన లేచి మెట్లు దిగాడు.

ఇంట్లో భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. "చెప్పేశారా?"

"చెప్పాను."

"పోనీలెండి. చేసిన పాపం చెబితే పోతుందంటారు."

"పోలేదు. ఇదిగో, చేతిలోనే ఉంది." డబ్బా చూపించాడు. ఆమె ఏమందో చెప్పాడు.

ఆవిడ బీరువా వైపు చూసింది, ఆయన కూడా చూశాడు. నీలం మఖమలు మీద ఖాళీ చోటు, ఇన్నేళ్ళుగా ఆ వాచీ కొలతకే అట్టేపెట్టినది. పెట్టుకోమని సొంతదారే స్వయంగా అంది. ఏ కోర్టులోనైనా ఆ మాట చెల్లుతుంది. కోపంలో ఇచ్చినదైనా ఇచ్చినదే. చట్టం ఇంతకన్నా ముందుకు రాదు. ఇక్కడి నుంచి మనిషి ఒక్కడే నడవాలి.

"తెల్ల గుడ్డ ఒకటియ్యి. కొవ్వొత్తి కూడా" అన్నాడు సీలయ్య.

రిటైరయ్యేటప్పుడు మిగిలిన లక్క ముక్క ఒకటి ఆయన సొరుగులో ఉంది. డబ్బా మూత తీసి, వాచీని దూది మీద సరిచేశాడు. సరిచేస్తున్నంత సేపూ కళ్ళు మూసుకున్నాడు. లోపల అది ఇంకొంత తిరుగుతుంది, తరువాత తనంత తానే ఎక్కడో ఆగుతుంది. ఎక్కడ ఆగిందో తాను చూడకూడదు. మూత వేసి, గుడ్డ చుట్టి, దారం కట్టి, చీటీ రాశాడు: "జపాన్ వాచీ ఒకటి. ఆగి ఉండగా అందినది. నడిపినవాడిని నేను. సొంతదారు గౌన్లు కుట్టే ఆవిడ." సంతకానికి ఆ రోజు సీలయ్య అని కాకుండా, తల్లిదండ్రులు పెట్టిన పేరు పూర్తిగా రాశాడు.

ముడి మీద లక్క కరిగి ఎర్రగా పరుచుకుంది. ఇత్తడి ముద్ర ఆఫీసుకు ఎప్పుడో అప్పగించేశాడు. "ఏమండీ, కాలుతుంది" అని భార్య అంటూండగానే, ఊపిన చేతి బొటనవేలిని లక్క మీద ఆన్చి, అది గట్టిపడేదాకా తీయలేదు.

మూటను బీరువాలో పెట్టలేదు. బీరువా పక్కన, వీధి గుమ్మానికి దగ్గరగా, గోడ అరలో పెట్టాడు. ఆమె ఎప్పుడు వచ్చి అడిగినా, రేపైనా, పదేళ్ళకైనా, గడువూ కాగితమూ లేకుండా అడిగిన క్షణాన చేతికి ఇవ్వాలని నిశ్చయించుకున్నాడు. అడగకపోతే అది అక్కడే ఉంటుంది. ఖాళీ చోటు ఖాళీగానే ఉంటుంది.